కదలని నీరు

"ఏవండీ పెద్దాయనగారూ, ఆ మౌస్ వదిలేయండి. పాడైపోతుందండి."

నరేంద్ర ఆఫీసులోకి వచ్చీ రావడంతోనే అన్న మాట అది.

ఏలూరులో చేపల రైతుల సంఘం ఆఫీసు. 2005 వానాకాలం. కొల్లేటి గట్టు దగ్గర పెట్టిన మీటరు నీటిమట్టాన్ని ఫోను లైను మీద పంపిస్తుంది. అక్కడ నీరు పెరిగితే, ఇక్కడ కంప్యూటర్లో కొల్లేరు బొమ్మలోనూ నీరు పెరుగుతుంది.

బొమ్మ గీసేది గ్రాఫిక్స్ లైబ్రరీ అనే ఒక ప్రోగ్రాము. దాన్ని తెర మీద చూపించే విండో టూల్‌కిట్ అనే వేరే ప్రోగ్రాముది. ఒకదాని మాట ఒకటి వినని ఆ రెంటినీ నెలల తరబడి కుస్తీ పట్టి కలిపాడు నరేంద్ర. ఆ గర్వం ఇంకా దిగలేదు.

పంచెకట్టు పెద్దాయన మౌస్ వదల్లేదు. నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"కదపకపోతే నీళ్ళు కదలవు బాబూ."

నరేంద్రకి నవ్వొచ్చింది. "నీళ్ళు కదిలేది కొల్లేట్లోనండి, మీ చేతిలో కాదు."

ఫోన్లు చూసే ఎలిజబెత్‌ని అడిగాడు. "ఎవరండీ ఈయన?"

"తెలీదండీ. వానలు మొదలైన దగ్గర్నుంచీ రోజూ వచ్చి కూర్చుంటున్నారు. ఫ్యాను గాలికేమో అనుకున్నాను."

"ఇదేం సత్రం కాదు కదండీ."

పెద్దాయన లేచాడు. ఏదో చెప్పబోయాడు. నరేంద్ర అప్పటికే తెర వైపు తిరిగిపోయాడు.

"అప్పుడప్పుడూ కాస్త కదుపుతావా అమ్మా?" అని గుమ్మం దగ్గర పెద్దాయన ఎలిజబెత్‌ని అడిగాడు.

ఆమె నరేంద్ర మొహం చూసి, మోగుతున్న ఫోను ఎత్తింది.

మర్నాడు ఎగువన కామవరపుకోట మెట్టన కుండపోత; ఆ నీరంతా దిగేది కొల్లేట్లోకే. సాయంత్రం గట్టు కాపలా జాకబ్ ఫోన్ చేశాడు.

"పాక ఖాళీ చేసి వచ్చేయమంటారాండీ? మీ కంప్యూటరు ఏమంటే అదే."

ఎలిజబెత్ బొమ్మ చూసింది. నీరు గట్టుకి బాగా కింద ఉంది. పొద్దుట్నుంచీ అక్కడే ఉంది.

"ఫర్వాలేదండి, ఉండండి."

తెల్లారేసరికి గట్టు తెగింది. పాక లేదు. జాకబ్ లేడు.

కబురు విని నరేంద్ర పరుగున వచ్చాడు. తెర మీద గట్టు భేషుగ్గా ఉంది. అతను అలవాటుగా మౌస్ మీద చెయ్యి వేశాడు.

బొమ్మలో నీలం నీరు ఒక్క గెంతున లేచి, గట్టు దాటిపోయింది.

నరేంద్రకి అప్పుడు అర్థమైంది. విండో తనంతట తాను బొమ్మని మళ్ళీ గీయమనడం లేదు. ఎవరైనా మౌస్ కదిపితేనే గీయమంటోంది. పరీక్ష చేసినప్పుడల్లా తన చెయ్యి మౌస్ మీదే ఉండేది, అందుకే ఎన్నడూ తెలియలేదు. ఇన్నాళ్ళూ ఆ నీటిని కదిపింది పెద్దాయన చెయ్యే.

"ఆయన్ని పిలిపించండి," అన్నాడు.

"ఎక్కడుంటారో తెలీదండీ," అంది ఎలిజబెత్ ఏడుస్తూ.

మర్నాడు జాకబ్ శవం దొరికింది. నరేంద్ర చర్చిలో అందరికన్నా వెనక నిలబడ్డాడు. ముందుకు వెళ్ళే ధైర్యం లేకపోయింది.

శవపేటిక పక్కన, తండ్రి కూర్చునే చోట, ఆ పెద్దాయన కూర్చుని ఉన్నాడు; మూత మీద ఆయన కుడిచెయ్యి నెమ్మదిగా అటూ ఇటూ కదులుతోంది.