'అవును' దగ్గర టిక్కు

“ఇప్పుడు పద్నాలుగుమంది అయ్యారు,” అంది ఆమె ఫోను మీంచి కళ్ళెత్తకుండా.

టాక్సీ ముందు సీట్లో ఉన్న భర్త వెనక్కి తిరగలేదు. బస్సు డిపోలో టైంటేబుళ్ళు వేసే మనిషి ఆయన. ఈ నాలుగు రోజుల ఓడ ప్రయాణానికి కూడా ఒక టైంటేబులు వేసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం రెండున్నరకి ఓడ ఎక్కడం అని అందులో ఉంది. పెళ్ళాం భయపడటానికి మాత్రం ఎక్కడా పది నిమిషాలు కేటాయించలేదు.

ఆమె ఊరికే భయపడటం లేదు. కిందటి వారం ఇదే ఓడలో నలుగురికి జ్వరమూ వాంతులూ పట్టుకున్నాయి. వాళ్ళు కోలుకుని ఇళ్ళకి వెళ్ళారనీ, ఓడనంతా మందు నీళ్ళతో కడిగించామనీ కంపెనీవాళ్ళు చెప్పారు. ఆమె సరేననుకుంది కూడా. తీరా ఈ రోజు పొద్దున ఫోను తెరిస్తే, రేవులో ఓడ ఎక్కడానికి వచ్చినవాళ్ళలోనే ఏడుగురికి ఆ లక్షణాలున్నాయని వార్త. పొద్దున్నుంచీ జనాన్ని గంటకో జట్టుగా ఎక్కిస్తున్నారు. జట్టు జట్టుకీ లెక్క పెరుగుతోంది. వీళ్ళది ఆఖరి జట్టు.

ఆమె ఒళ్ళో ఆరేళ్ళ బుజ్జి నిద్రపోతోంది. నిరుడు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్న పిల్ల. ఆ పదకొండు రోజులూ రెప్ప వెయ్యకుండా మంచం పక్కన కూర్చున్న తల్లికి, జబ్బన్న మాట వింటే ఇప్పటికీ కాళ్ళూ చేతులూ ఆడవు.

“వెనక్కి వెళ్ళిపోదామండీ. పిల్ల సంగతి మీకు తెలియనిదా?”

“ఒకసారి కొండ విరిగి పడుతుందని మానిపించావు. ఇంకోసారి తుఫాను అన్నావు. ఆ తుఫాను ఇప్పటికీ రాలేదు,” అన్నాడాయన. “ఈసారి నువ్వు రానంటే నేనూ బుజ్జీ వెళ్తాం.”

మనిషి మంచివాడే గానీ పట్టిన పట్టు వదిలే రకం కాదు. తను ఇంట్లో, పిల్ల ఆ ఓడలో. ఆమె పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

రేవు చేరేసరికి ఇరవై రెండుమంది అయ్యారు. మొహం కడుక్కుని వస్తానని చెప్పి బాత్రూములోకి వెళ్ళి, తలుపు గడియ పెట్టుకుని టికెట్ల ఆఫీసుకి ఫోను చేసింది. ఎక్కే ముందు ఒక కాగితం ఇస్తారనీ, మూడు రోజులుగా జ్వరం గానీ వాంతులు గానీ ఉన్నాయా అన్న ప్రశ్నకి ఇంట్లో ఒక్కరు 'అవును' దగ్గర టిక్కు పెట్టినా కుటుంబాన్నంతా ఆపేసి టికెట్లు ఇంకో నెలకి మారుస్తారనీ అక్కడి అమ్మాయి గడగడా అప్పజెప్పింది. ఆపేశాక ఏం చేస్తారని అడగబోయేలోపు, “పొద్దున్నుంచీ ఫోను కింద పెట్టనివ్వడం లేదండీ, అందరూ ఇదే అడుగుతున్నారు,” అని పెట్టేసింది. అంటే అందరికీ ఒంట్లో బాగాలేదన్నమాట.

వరసలో నిలబడ్డాక మళ్ళీ ఫోను చూసింది. ముప్పై ఒకటి. వరసలో ముందున్నాయన తుమ్మితే, పిల్ల ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టింది. కాగితం చేతికొచ్చింది. భర్త వంగి పెట్టెలకి చీటీలు కడుతున్నాడు. ఆమె కళ్ళు మూసుకుని దేవుడికో దణ్ణం పెట్టుకుని, తన పేరు పక్కన టిక్కు పెట్టేసింది.

కాగితం తీసుకున్న గుమాస్తా రెండడుగులు వెనక్కి వేశాడు. మాస్కులేసుకున్న ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. భర్త మొహం పాలిపోయింది.

“జ్వరమా? నాకు చెప్పలేదేం?” అని ఆమె నుదుటి మీద చెయ్యి వేశాడు.

“రాత్రి నుంచీ కాస్త,” అంది తల వంచుకుని. ఆయన ఓడ ఊసే ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి. సిగ్గుతో చచ్చిపోయింది.

అయితే వాళ్ళని తీసుకెళ్ళింది టాక్సీ దగ్గరికి కాదు. రేవు చివర సామాన్లు దించే పాత గోదాములోకి. లోపల వరసగా మడత మంచాలు.

“లక్షణాలున్నవాళ్ళంతా ఇక్కడే ఉండాలి. రక్తపరీక్ష ఫలితాలు వచ్చేదాకా ఎవర్నీ వదలం,” అంది నర్సు. సూది గుచ్చి రక్తం తీసుకుని వెళ్ళిపోయింది. వెనకాల తలుపు మూసేశారు.

ఒకాయన ముక్కు దాకా దుప్పటి లాక్కుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఒకావిడ తన పిల్లలిద్దరి మొహాలకీ తువ్వాళ్ళు చుట్టి మూలకి ఒదిగింది. ఎవరో దగ్గారు. అంతే, గోదాములో మంచాలన్నీ కిర్రుమంటూ జరిగాయి. ఎవరూ ఎవరి కళ్ళల్లోకీ చూడటం లేదు. ఇంత భయపడుతున్నారంటే వీళ్ళ ఒంట్లో ఎంత ముదిరిపోయిందోననుకుంది ఆమె. ఏ జబ్బుకి దూరంగా పిల్లని లాక్కెళ్ళాలనుకుందో, తన చేతులతో తనే తెచ్చి దాని ఒళ్ళో కూర్చోబెట్టింది.

మూడు గంటలు గడిచాయి. ఆమె మంచినీళ్ళు కూడా ముట్టలేదు, పిల్లని ముట్టనివ్వలేదు. బుజ్జి ఓడ ఎప్పుడెక్కుతామని అడిగి అడిగి విసిగి, చిన్నగా దగ్గింది.

ఆమెకి పైప్రాణాలు పైనే పోయాయి. పిల్లని చంకనేసుకుని తలుపు దగ్గరికి పరిగెత్తి దబదబా బాదింది. నర్సు చేతిలో కాగితాల కట్టతో లోపలికి వచ్చింది.

“నాకు జ్వరం లేదు, ఏమీ లేదు. ఓడ ఎక్కాలంటే భయమేసి అబద్ధం రాశాను. మీ కాళ్ళు పట్టుకుంటాను. నన్ను జైల్లో వెయ్యండి, నా పిల్లని మాత్రం ఈ రోగుల మధ్య నుంచి బయటికి పంపించండి,” అని బావురుమంది. వెనకే వచ్చిన భర్త విని నిలువునా కొయ్యబారిపోయాడు.

నర్సు చేతిలోని ఫలితాలన్నీ ఒకసారి తిరగేసి, మాస్కు కిందికి లాగి, నీరసంగా గుమ్మం మీద కూలబడింది.

“ఆ ముప్పై ఒక్కమందీ మీలా ఉత్తుత్తి టిక్కు పెట్టినవాళ్ళేనమ్మా.”