ఎక్కడున్నాడక్కా?

పొద్దున్నే మొదటి ఫోన్ పాలబండి అతనిది.

"అక్కా, ఎక్కడున్నాడు?"

"నాలుగో మలుపు దాటాక, వెదురు పొదల్లో. అరగంట ఆగి బయల్దేరు. ఎదురుపడితే హారన్ కొట్టకు. బండి తిప్పాలని చూడకు. మెల్లగా అలాగే వెనక్కి పోనివ్వు."

"సరేనక్కా." అన్నాడతను. "టీ తాగావా?"

"ఇప్పుడే తాగాను" అందామె. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

వాడంటే ఒంటి ఏనుగు. మందలోంచి విడిపోయి రెండేళ్ళ కింద ఈ కొండకు చేరింది. వచ్చిన నెలలోనే ఒక మనిషిని పొట్టన పెట్టుకుంది. పోస్ట్‌మ్యాన్‌కి పక్కటెముకలు విరిచింది. కొండ కింద నలభై ఇళ్ళు, ఒక బడి, ఒక కోతమిల్లు. వాటన్నిటికీ దారి ఒక్కటే, ఏడు మలుపులది. అప్పటినుంచీ ఆమెను అడగకుండా ఎవరూ ఆ దారిలో కాలు పెట్టరు.

ఆమె పని కాపలా. కొండమీద చెక్క మంచె, మంచె మీద గది, గదిలో మంచం, పొయ్యి, బైనాక్యులర్. అంతకుముందు ఆ పని భర్త చేసేవాడు. అతను కామెర్లతో పోతే ఫారెస్టు ఆఫీసువాళ్ళు ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. పిల్లల్లేరు. పిలిస్తే పలికే దిక్కూ లేదు. మొదట్లో ఆమె ఫోన్ నెలకు రెండుసార్లు మోగేది. ఒకటి ఆఫీసు నుంచి, ఒకటి రాంగ్ నంబర్. ఆ రాంగ్ నంబర్ మనిషితో కూడా ఓసారి పావుగంట మాట్లాడింది.

ఇప్పుడు ఫోన్ కింద పెట్టే తీరిక లేదు. అందరూ ఆమెను ఏనుగక్క అంటారు. వాడెక్కడున్నాడో పొద్దున్నే అందరికీ మెసేజ్ పెడుతుంది. ఆ తర్వాత ఒక్కొక్కరే ఫోన్ చేస్తారు. నడిచి వెళ్ళేవాళ్ళకు గాలి ఎటు వీస్తోందో చూసుకోమంటుంది, మన వాసన వాడికి తగలకూడదని. ఫొటోల కోసం దగ్గరికి పోవద్దంటుంది. వాడు చెవులు విప్పి తల ఊపితే ఇంక అక్కడ నిలబడొద్దంటుంది. అన్నీ విన్నాక వాళ్ళు ఇంకో మాట కలుపుతారు. బడి పంతులమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి చెబుతుంది. మిల్లు మేస్త్రీ అల్లుడి మీద చాడీలు చెబుతాడు. ఎవరి బిడ్డకు దగ్గో, ఎవరింట్లో మాటల్లేవో అన్నీ ఆమెకు తెలుసు. వాళ్ళలో సగం మంది మొహాలు మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఒకరోజు పెద్ద ఆఫీసరు జీపులో వచ్చాడు. ప్రశంసాపత్రం చేతిలో పెట్టాడు. ఈ ఏడాది ఒక్కరి ఒంటిమీద చిన్న గీత కూడా పడలేదని, చుట్టుపక్కల ఏ కొండమీదా ఇంత మంచి లెక్క లేదని మెచ్చుకున్నాడు. చాలామంది అసలు దాన్ని చూసి కూడా ఏడాది దాటిందట అని నవ్వాడు.

"కనపడకుండా చూడ్డానికే కదా సార్ నేనున్నది" అందామె.

ఆ మాట ఆయనకు బాగా నచ్చింది.

తర్వాత వారంలో, మిట్టమధ్యాహ్నం, మిల్లులో రంపం నడిపే అతను ఫోన్ చేశాడు. భార్యకు నొప్పులు మొదలయ్యాయి. నెలలు నిండకుండానే. బిడ్డ అడ్డం తిరిగిందని, గంటలో ఆసుపత్రికి చేరకపోతే ఇద్దరూ దక్కరని మంత్రసాని చెప్పింది. జీపు సిద్ధంగా ఉంది. కానీ వాడు మూడో మలుపులో ఉన్నాడని ఆమే పొద్దున మెసేజ్ పెట్టింది. డ్రైవరు తాళం తిప్పనంటున్నాడు.

ఆమె చెప్పులు వేసుకుంది.

"బయల్దేరమను. నేను వస్తున్నా" అంది.

మూడో మలుపు దగ్గర జీపుకు ఎదురు నిలబడింది. చేతిలో కర్ర కూడా లేదు. బండికి ముందు నడవడం మొదలుపెట్టింది. లోపలినుంచి రంపం అతను ఎక్కమని బతిమాలాడు. ఆమె వెనక్కి తిరగలేదు. రెండువైపులా మనిషెత్తు గడ్డి. ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడుకు డ్రైవరు కాలు బ్రేకు మీదికి పోయింది. ఆమె అడుగు మాత్రం తడబడలేదు. సంతకు పోతున్నట్టు నడిచింది. మలుపు దాటాక పక్కకు తప్పుకుని చెయ్యి ఊపింది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

ఆ సాయంత్రం నలభై ఇళ్ళనుంచీ ఫోన్లు. ఎవరూ ఎక్కడున్నాడని అడగలేదు. నీకేం కాలేదు కదా అక్కా అని అడిగారు. నీది గుండె కాదు, కొండ అన్నారు. ఆమె ఒక్కొక్కరికీ ఏమీ కాలేదని చెప్పింది. చివరి ఫోన్ పెట్టేశాక కూడా దాన్ని చాలాసేపు చెవి దగ్గరే ఉంచుకుంది.

వారం తర్వాత రంపం అతను ఫోన్ చేశాడు. "పాపను చూడ్డానికి రా అక్కా. భోజనం మా ఇంట్లోనే. అందరూ వస్తున్నారు. నిన్ను చూడాలని మా ఆవిడ ఒకటే గొడవ."

ఆమె గోడకున్న ఒకే ఒక్క మంచి చీర వైపు చూసింది.

"నేను కిందికొస్తే వాడిని ఎవరు కనిపెట్టుకుంటారు?"

"అదీ నిజమే" అన్నాడతను. పాప ఏడుపు వినిపించింది. ఉంటానక్కా అని పెట్టేశాడు.

మర్నాడు తెల్లవారాక ఆమె ఎప్పటిలాగే మంచె దిగి లోయలోకి నడిచి, పోయినేడు వానల్లో కాలుజారి పడి అక్కడే ప్రాణం విడిచిన ఆ ఒంటి ఏనుగు ఎముకల పక్కన కూర్చుని, "ఐదో మలుపులో ఉన్నాడు, జాగ్రత్త" అని అందరికీ మెసేజ్ పెట్టింది.