తిమ్మప్ప సంచి

తిమ్మప్ప తన సంచిని పోర్టర్లకు ఇవ్వనన్నాడు.

"కాకా, అందరూ ఇస్తున్నరు. పైకి పోయినకొద్దీ ఊపిరాడదు. నడుం ఇరుగుతది" అన్నాడు భరత్.

"నా బరువు నేనే మోస్త సారూ."

భరత్‌కు అక్కడే ఏదో తేడాగా అనిపించింది.

భరత్‌ది వనపర్తి. ఏటా కొంతమందిని వెంటబెట్టుకుని నేపాల్ కొండలెక్కిస్తాడు. ఈసారి తొమ్మిదిమంది. ఎనిమిదిమంది ఫొటోల పిచ్చోళ్లు. తొమ్మిదో మనిషి గద్వాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన తిమ్మప్ప. తాపీ మేస్త్రీ. అరవై దగ్గర పడ్డాయి. పూనాలో, బొంబాయిలో పనిచేసి నేర్చిన హిందీ ఉంది గానీ, కొండల సంగతి ఓనమాలు కూడా రావు.

పేరు రాయించుకునేటప్పుడు మ్యాపు మీద వేలు పెట్టి, "నాలుగో రోజు ఈడ ఆగుతరు గదా? నాకు ఆడిదాక చాలు" అన్నాడు. కొండెక్కేవాడికి శిఖరం అక్కర్లేదట! అప్పుడు భరత్ నవ్వుకున్నాడు. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

మొదటి సాయంత్రం లాడ్జి చేరారు. తిమ్మప్ప సంచిని గదిలోకి తేలేదు. బయట చూరు కింద మేకుకు తగిలించాడు.

"లోపల పెట్టుకోరాదూ పెద్దనాయినా, ఎవరన్న ఎత్తుకపోతరు" అంది భార్గవి. వనపర్తి కాలేజీలో పాఠాలు చెప్తుంది. జాలిగుండె.

"ఆడనే ఉండనీ బిడ్డా."

భరత్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎందుకూ? పోలీసులొస్తే నాది కాదని తప్పించుకోవడానికా? లేక ఎవడో వచ్చి గప్‌చుప్‌గా పట్టుకుపోవడానికా?

రెండో రోజు ఎక్కుడు దారిలో అందరూ సంచులు విసిరికొట్టి కూలబడ్డారు. తిమ్మప్ప మాత్రం ఆయాసపడుతూనే సంచిని ఒళ్లో పెట్టుకుని బండ మీద కూర్చున్నాడు. ఒక్కసారి కూడా కింద పెట్టలేదు. లోపల గాజుసామానేమైనా ఉందా అంటే, చప్పుడైతే లేదు.

తర్వాత తాళ్ల వంతెన వచ్చింది. కింద నది హోరు. తిమ్మప్ప మధ్యలో ఆగి, "బ్రిడ్జి దాటుతున్నం. జర పైలం" అన్నాడు. ముందు ఎవరూ లేరు. నాలుగడుగుల వెనక భరత్ ఉన్నట్టు ఆయన చూసుకోలేదు. చేతిలో ఫోనూ లేదు. మరి ఎవరితో అన్నట్టు?

మూడో రోజు చాయ్ కొట్టు దగ్గర తిమ్మప్ప ఒక ఫొటో తీసి కొట్టామెకు చూపించాడు. నేపాలీ కుర్రాడి ఫొటో. ఆమె పైకి చెయ్యి చూపింది. భరత్ దగ్గరికి రాగానే ఫొటో జేబులోకి పోయింది.

"ఎవరు కాకా?"

"ఎరికైన పిలగాడు."

"నీకు నేపాల్ల ఎరికైనోళ్లు ఎవరుంటరు? ఆ సంచిల ఏముంది?"

తిమ్మప్ప చాయ్ గ్లాసు అక్కడే పెట్టి లేచాడు.

అనుమానం పెనుభూతమంటారు. ఆ భూతం భరత్ మెడ మీదెక్కి కూర్చుంది. భార్గవిని పక్కకు పిలిచాడు.

"అక్కా, రేపు మధ్యాహ్నం చెక్‌పోస్టు ఉంది. సంచులన్నీ విప్పి చూస్తరు. ఈయన దాంట్ల గంజాయో ఇంకేందో దొరికితే పరాయి దేశంల అందరం జైలుకే. మీ ఇండ్లల్ల నేనేం జవాబు చెప్పాలె?"

"గట్ల కనిపిస్తలేడన్నా."

"కనిపించేటోడు దొంగెట్లయితడు?"

నాలుగో రోజు పొద్దున దారిలో ఆగినచోట భరత్ మనుషుల్ని లెక్కపెట్టాడు. ఎనిమిది. తిమ్మప్ప లేడు.

పక్కనున్న సన్నని కాలిబాటలో దూరంగా ఆ సంచి కదులుతూ కనిపించింది. భరత్ పరుగెత్తాడు. పన్నెండు వేల అడుగుల ఎత్తులో పరుగంటే మాటలా! గుండె గొంతులోకొచ్చింది. చేతికి దొరికితే ఆ సంచిని లోయలోకి విసిరేయాలని నిశ్చయించుకున్నాడు. ఒక రాతి ఇంటి ముందు అందుకుని పట్టీ పట్టి లాగాడు.

"ఇప్పు! ఇప్పుడే ఇప్పాలె!"

తిమ్మప్ప రెండు చేతులతో సంచిని పొదివి పట్టుకుని బావురుమన్నాడు.

"కింద పడేయకు సారూ, నీ కాళ్లు మొక్కుత! ఇల్లొచ్చింది. పది అడుగులే."

ఆ అరుపులకు ఇంట్లోంచి ఒక ముసలామె వచ్చింది. తిమ్మప్ప ఫొటో చూపించాడు. ఆమె ఫొటోను చూసింది, సంచిని చూసింది. నోట్లో కొంగు కుక్కుకుంది.

నేరుగా ఇంటి చూరు దగ్గరికి వెళ్లి, అక్కడ వేలాడుతున్న గుడ్డమూటను రెండు చేతులతో విప్పి తెచ్చింది. తిమ్మప్ప సంచిలోంచి గుడ్డ చుట్టిన స్టీలు డబ్బా తీసి ఆమె చేతుల్లో పెట్టాడు. ఆమె తెచ్చిన మూటను గుండెకు హత్తుకున్నాడు.

భరత్ చేతిలో ఖాళీ సంచి మిగిలింది.

"ఏంది కాకా ఇది?"

"దుబాయిల శవాల పెట్టెలు తారుమారైనయ్ సారూ, ఈమె కొడుక్కు నేను కొరివి పెట్టిన, నా కొడుకు వంశీకి ఈమె పెట్టింది."