ఖమీరా జాడీ

"నువ్వు తింటెనే నేను తింట" అన్నాడు వెంకటప్పయ్య మూతి బిగించుకుని.

యాభై దాటిన మనిషికి ఈ మారాం ఏమిటో భారతమ్మకు అర్థం కాలేదు.

"నాకేం రోగమని తినాలె?"

"హకీం సాబు గట్లనే చెప్పిండు. పెండ్లాం ముందు తిని, తర్వాత మొగనికి పెట్టాలెనంట. అప్పుడే మందు పనిచేస్తదంట."

గుండెలో పోటంటూ ఆయనే చండ్రుగొండలో కొత్తగూడెం బస్సెక్కాడు. ఆమెను తోడు రమ్మన్నాడు. ముసలి హకీం ఇద్దరి నాడీ పట్టి చూసి, ఆమెను వసారాలో కూర్చోమన్నాడు. చాలాసేపటికి బయటికొచ్చిన వెంకటప్పయ్య కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో జాడీ. ఖమీరా అట. గులాబీ రేకులు, చందనం, పేరు తెలియని ఆకులేవో తేనెపాకంలో వేసి, తెల్లబడేదాకా గిలక్కొట్టిన లేహ్యం. గుండెకు బలమట.

ఆ రోజు నుంచి భారతమ్మకు కంటి మీద కునుకు లేదు. ఈయన లేని ఇల్లు ఊహించుకోలేకపోయేది. తన పసుపు కుంకుమలు నిలబెట్టమని భద్రాద్రి రామయ్యకు మొక్కుకుంది.

పొద్దున్నే వంటింట్లో జాడీ మూత తీసేది. రెండు చెంచాల మందూ ఆయన గిన్నెలోనే వేసేది. తన పెదాలకు కాస్తంత రాసుకుని "నేను తిన్న, ఇగ నువ్వు తిను" అని అందించేది. రోగిష్టి మనిషి మందు తను మింగి ఏం బావుకుంటుంది?

ముప్పై ఏళ్ల కాపురంలో చెంబెడు నీళ్లు ముంచి ఇవ్వని మహానుభావుడు, ఇప్పుడు బోరింగు నుంచి బిందెలు మోస్తున్నాడు. ఆమెను చేలోకి రానివ్వడం లేదు. రోగమొస్తే మగాడు మంచివాడవుతాడు కాబోలు అనుకుని నవ్వుకుంది. వెంటనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఈ దిగులుకే కాబోలు, నాలుగడుగులు వేస్తే తనకూ ఆయాసం వస్తోంది. ఉన్న బాధ చాలదన్నట్టు అదొకటి ఆయనకు చెప్పడమెందుకని ఊరుకుంది.

మూడో జాడీ అయ్యేసరికి ఆయన బుగ్గలు నిండాయి. భారతమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మిరప తోటకు వెళ్లిన పూట చూసి, ఒక్కతే బస్సెక్కి, ఆగి ఆగి హకీం మెట్లెక్కింది.

"మా ఆయన బతికిండు సాబూ, అంత మీ చలవ" అంది చేతులు జోడించి. "నేను తినాల్సింది గూడ ఆయనకే పెట్టిన. ఒక్కనాడు నాలిక మీద ఏసుకోలే."

కల్వంలో నూరుతున్న హకీం చెయ్యి ఆగిపోయింది.

"ఆయనకు ఏ రోగమూ లేదమ్మా, తెలిస్తే బెంగతోనే పోతవని నీ దగ్గర దాచిండు గాని, ఆ మందు నేను నీ గుండెకిచ్చిన."