చివరి బండి

సంచి మళ్లీ జారి సైలెన్సర్ మీద పడింది.

మిమూన్ దాన్ని ఎత్తి సీటు పక్కన ఆనించాడు. పట్టీ లాగాడు. ఎడమవైపు బిగిస్తే కుడివైపు వదులైంది. కుడివైపు బిగిస్తే సంచి వెనక్కి పోయి ఇండికేటర్‌కు తగిలింది.

"పొద్దున దీన్ని ఎలా కట్టుకొచ్చావయ్యా?"

"ఏదో కట్టాను లెండి," అన్నాడు పచ్చ జాకెట్టు మనిషి. "ఇలాగే పోతాను పెద్దాయనా. వదిలెయ్యండి."

"ఇలాగే పోతే ఊరు దాటకముందే సంచి కాలిపోతుంది. నా కాపలాలో ఉన్న బండి అలా వెళ్లదు."

అజ్రూ ఊరి సంతవీధిలో, హమ్మామ్ అనే స్నానశాల ఎదుటి ఖాళీ స్థలంలో బండ్లకు కాపలా కాయడం మిమూన్ పని. చివరి బండి కదిలేదాకా కాపలావాడు కదలకూడదు. శుక్రవారం ప్రార్థన అయ్యాక బండ్లన్నీ ఒక్కొక్కటే ఇళ్లకు పోయాయి. ఇదొక్కటే మిగిలింది. ప్రార్థనకు ముందు ఒక హెల్మెట్టూ ఒక పచ్చ జాకెట్టూ దీని మీది నుంచి దిగి, పక్కలకు వేలాడే గుడ్డ సంచులు విప్పి భుజాన వేసుకుని, స్నానానికి లోపలికి వెళ్లాయి. ఇదిగో, ఇప్పుడు బయటికి రావడం.

వేరే శుక్రవారమైతే మిమూన్ ఓపిక పట్టేవాడు. ఇవాళ ఇంటికి అన్న వస్తున్నాడు. తండ్రి పోయినప్పుడు పొలం పంపకం దగ్గర మాటా మాటా పెరిగింది. ఆ తర్వాత అన్న హద్దూ తమ్ముడి గడప తొక్కలేదు. మిమూన్ భార్య ఇట్టో వాళ్ల చేతా వీళ్ల చేతా కబుర్లు పంపి ఎలాగో ఒప్పించింది. శుక్రవారం వండే కూస్‌కూస్, ఆ ఆవిరి మీద ఉడికిన గోధుమరవ్వ, అందరూ ఒకే పళ్లెంలో తింటారు. ఆ పళ్లెం చుట్టూ కూర్చున్నాక ఎవరూ పాత మాట ఎత్తరు. కూర్చోబెట్టడమే కష్టం.

ఫోను మోగింది.

"మీ అన్న వచ్చాడు," అంది ఇట్టో. "టీ ఇచ్చాను. మళ్లీ ఇచ్చాను. 'వాడికి నా మొహం చూడ్డం ఇష్టం లేదేమో' అంటున్నాడు. పళ్లెం తేనా, వద్దా?"

"ఆగు. వచ్చేస్తున్నా. ఒక్క బండి."

"పోయిన వారమూ ఒక్క బండే."

పక్కన పుదీనా కట్టలు సర్దుకుంటున్న రఖియా అంతా వింటోంది.

"ఈ సంచుల బాధకన్నా గాడిద నయం," అంది. "తట్టలు వేస్తే అవే నిలబడతాయి."

"గాడిదకు సైలెన్సర్ లేదుగా."

"అందుకేగా అలా అరుస్తుంది."

మిమూన్ నవ్వలేదు. బండి వెనకాల కూర్చుని చూశాడు. తప్పు సంచిది కాదు, తోకది. వెనక మడ్‌గార్డ్ జానెడు బయటికి పొడుచుకొచ్చింది. దాని చివర నంబరు ప్లేటు ఊగుతోంది. ఇండికేటర్లు రెండూ దాని మీదే ఉన్నాయి. సంచి వెనక్కి పోవడం, వాటికి తగలడం, తిరిగి సైలెన్సర్ మీదికి రావడం. స్పానర్ తీశాడు.

"ఏం చేస్తున్నారు?"

"నీ బండి తోక తీసేస్తున్నా."

"ఇంటికెళ్లి చేసుకుంటాను. ఆలస్యమైపోతోంది."

"నీకొక్కడికేనా ఆలస్యం? పట్టుకో ఇటు."

అతను పట్టుకున్నాడు. జాకెట్టు చేతులు వేళ్ల మీదికి జారుతుంటే మాటిమాటికీ పైకి లాక్కున్నాడు. నుదుటి నిండా చెమట.

"అంతసేపు లోపల ఏం తోమించుకున్నావో గానీ నాయనా," అంది రఖియా, "మెడ మీద మట్టి అలాగే ఉంది."

"నీళ్లు చాల్లేదు."

"హమ్మామ్‌లోనా?"

"నీ కట్టలు నువ్వు కట్టుకోవే తల్లీ," అన్నాడు మిమూన్. స్పానర్ జారి వేలు చీరుకుంది. వేలు నోట్లో పెట్టుకుని బోల్టును తిట్టాడు. ఇంకోసారి తిప్పాడు. ఊడింది.

మడ్‌గార్డ్ విప్పి పక్కన పడేశాడు. ఇండికేటర్లను వెనక దీపం పక్కకు తెచ్చి బిగించాడు. ప్లేటును సీటు కిందికి మడిచి తీగతో కట్టాడు.

"వంగి చూస్తే తప్ప నంబరు కనబడదు," అన్నాడు. "పోలీసులు ఆపితే నువ్వే చూపించు."

"చూపిస్తాను."

ఇప్పుడు సంచికి అడ్డం లేదు. పట్టీలను సీటు కిందుగా తీసి ఒకదానికొకటి కలిపి లాగాడు. రెండు సంచులూ బండిని కరుచుకున్నాయి. ఊపి చూశాడు. కదల్లేదు.

మళ్లీ ఫోను.

"చెప్పులు వేసుకుంటున్నాడు," అంది ఇట్టో. "ఇప్పుడు వెళ్తే ఈ మనిషి మళ్లీ రాడు. నాకు తెలుసు."

"ఫోను అన్నకివ్వు."

అవతల ఒక దగ్గు వినబడింది.

"అన్నా," అన్నాడు మిమూన్. "నేనే. ఇక్కడ ఒకడికి సంచులు కట్టడం రాక చస్తున్నా."

"నీకు మాత్రం వచ్చా?" అన్నాడు హద్దూ. "గొర్రెల సంతకు పోయేటప్పుడు గాడిద మీద మూటలు నేనేగా కట్టేవాణ్ణి. త్వరగా రా. ఆకలేస్తోంది."

మిమూన్ ఫోను జేబులో పెట్టేసరికి బండి స్టార్టయింది. పచ్చ జాకెట్టు మనిషి వెనక్కి చూడకుండా వీధి మలుపు తిరిగాడు. డబ్బులివ్వాలని అతనికి తోచలేదు, అడగాలని మిమూన్‌కూ తోచలేదు. స్థలం ఖాళీ. మిమూన్ కాపలావాడి నీలం కోటు విప్పి భుజాన వేసుకుని ఇంటివైపు నడిచాడు.

అప్పుడే హమ్మామ్ తలుపు తోసుకుని, నడుముకు తువ్వాలు చుట్టుకున్న మనిషొకడు ఒంటి మీంచి నీళ్లు కారుతుండగా గడప మీదికొచ్చి, "పెద్దాయనా, లోపల నా బట్టలూ సంచులూ ఎవడో ఎత్తుకుపోయాడు, కాస్త నా బండి మీద ఓ కన్నేసి ఉంచండి," అన్నాడు.