రెండో నంబరు పాసు

తెల్లవారి ఆరు కూడా కాలేదు. ఫ్యాక్టరీ గేటు పక్కన పాసుల కిటికీ ముందు వెల్డరు ఒక్కడే నిలబడ్డాడు. ఇవాళైనా ఒకటో నంబరు పాసు తనకే వస్తుందని పందెం కాసినంత ధీమాగా ఉన్నాడు. కంతలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి చీటీ అందించింది. దాని మీద రెండు అని ఉంది.

"నాకంటే ముందు పిట్ట కూడా రాలేదు సార్. ఒకటో నంబరు ఎవరికిచ్చారు?"

"ఇవ్వాల్సినవాళ్ళకి ఇచ్చాన్లే బాబూ. నువ్వు లోపలికెళ్ళు," అంది అవతలి గొంతు.

తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. కాంట్రాక్టు మనిషన్నవాడు పొద్దున్నే వరుసలో నిలబడి ఆ ఒక్క రోజుకి పాసు రాయించుకోవాలి, సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి. పర్మినెంటు వాళ్ళు మాత్రం మెడలో నీలం పట్టీ కార్డు వేసుకుని దర్జాగా పెద్ద గేటులోంచి వెళ్ళిపోతారు. పాసుల కిటికీకి కింద సగం చెక్క, పైన సగం జాలీ. అందులోంచి ఒక కళ్ళజోడూ బట్టతలా తప్ప ఇంకేమీ కనబడవు.

ఆ బట్టతలకి కాంట్రాక్టు వాళ్ళంతా కలిసి పెట్టిన పేరు నత్తగారు. మనిషి పేరు, తండ్రి పేరు, చేసే పని, అన్నీ ముత్యాల్లా రాస్తాడు. సిరా ఆరేదాకా ఊదుతాడు. స్కేలు ఆనించి మరీ చింపుతాడు. వెనక యాభై మందికి కాళ్ళు పీకుతున్నా ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండదు. తొందరపెడితే, అక్షరం తప్పు పోతే నన్ను ఉంచరు బాబూ అంటాడు. కుర్చీకి అతుక్కుపోయినవాణ్ణి ఎవడు పీకుతాడని వెల్డరు పళ్ళు నూరుకునేవాడు.

అలాంటి వెల్డరుకి వారం కిందట ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పర్మినెంటు చేస్తాం, ఏడు రోజుల్లో సమ్మతమో కాదో రాసివ్వమని. భార్య దాన్ని రెండుసార్లు చదివి మురిసిపోయింది. ఆయన మాత్రం ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

"మొన్న చెయ్యి కాలి పదిహేను రోజులు ఇంట్లో ఉంటే పైసా రాలేదు. అప్పుడే మర్చిపోయారా?" అని అడిగింది.

"మర్చిపోలేదే. కానీ పర్మినెంటయితే మనిషికి తుప్పు పడుతుంది. మా నత్తగారు పుట్టుకతోనే అలా ఉండి ఉంటాడా? ఉద్యోగం ఎటూ పోదన్న ధీమాయే ఆయన్ని అలా చేసింది. నేనలా కాలేను."

ఎవరో ముక్కూ మొహం తెలియని నత్తగారి కోసం కన్నకూతురి తిండి మీదికి తెస్తారా అని ఆమె నిలదీసింది. చేతిలో పనుంది, ఎక్కడైనా బతుకుతానన్నాడు. ఆ వారమంతా కూరగిన్నె బల్ల మీద పెట్టే చప్పుడులోనే ఆమె కోపం వినబడింది.

సంగతి ఎలా తెలిసిందో గానీ, నత్తగారు కూడా రోజూ అదే పాట అందుకున్నాడు. సంతకం పెట్టావా బాబూ, వచ్చిన అదృష్టాన్ని కాలదన్నుకోకు అని. వెల్డరుకి ఒళ్ళు మండిపోయేది. ఒడ్డున కూర్చున్నవాడు ఎన్నైనా చెబుతాడనుకునేవాడు.

గడువు ఆ రోజుతో ఆఖరు. రెండో నంబరు చీటీ జేబుకి తగిలించుకుని, ఆఫీసు తెరవగానే వెళ్ళి, సమ్మతం కాదన్న చోట గీకినట్టు సంతకం పెట్టాడు. ఫైలు పైకెళితే ఇక తిరిగి రాదు, మళ్ళీ ఒకసారి ఆలోచించుకోమన్నాడు ఆఫీసరు. తొమ్మిదేళ్ళుగా ఆలోచించానన్నాడు వెల్డరు. చూస్తుండగానే ఫైలు పై అంతస్తుకి వెళ్ళిపోయింది.

అయినా మనసు తేలిక పడలేదు. ఇంట్లో భార్యకి ఏం చెప్పాలో తోచలేదు. దిగులుని కోపంతో అణచుకుంటూ సాయంత్రం అందరికంటే ఆఖరున పాసు తిరిగివ్వడానికి వెళ్ళాడు.

"సంతకం పెట్టావా బాబూ?"

"పెట్టాను, వద్దని. మీలా అయిపోవడం నాకిష్టం లేదు సార్."

జాలీ వెనక కళ్ళజోడు పైకి లేచింది. తర్వాత పక్కనున్న చిన్న తలుపు తెరుచుకుంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి నత్తగారు నిలువెత్తునా వెల్డరు ఎదుటికి వచ్చాడు. అరిగిన చెప్పులు, మోచేతుల దగ్గర మాసిక వేసిన చొక్కా.

"ఎంత పని చేశావు నాయనా," అన్నాడు.

ఆయన జేబుకి ఒకటో నంబరు పాసు తగిలించి ఉంది.