గొంతు మీద చెయ్యి

నీల నీళ్లు పట్టుకుని వచ్చేసరికి గడపలో ఎవరో ముసలామె కూర్చుని ఉంది.

నీల నాలుగేళ్ల కూతురు గీత చేతిని తన గొంతుకు ఆనించుకుని, ఏదో చెబుతోంది. పెదవులు కదులుతున్నాయి గానీ మాట వినబడటం లేదు.

గీత రెప్ప వేయకుండా ఆ నోటినే చూస్తోంది.

నీల బిడ్డను లాక్కుని లోపలికి పోయి గడియ పెట్టింది.

సిరిసిల్లలో ఆ వాడంతా సాంచాలే. పగలూ రాత్రీ ఆగని ఆ మరమగ్గాల మోతలో ఎవరూ ఎవరినీ పిలవరు. భుజం తట్టి, పెదవులు కదిపి, చేత్తో చెప్పుకోవడమే. గీతకూ అన్నీ అలాగే అర్థమయ్యేవి. మాట ఒక్కటే రాలేదు.

"సాంచాల కాడి పిల్లలకు మాటలు లేటుగ వస్తయి" అనేవాళ్లు అందరూ. నీల ఆ మాటనే పట్టుకుని బతుకుతోంది.

ఆ సాయంత్రం ఒళ్లో కూర్చున్న గీత, తన గొంతు తానే పట్టుకుంది. లోపల్నుంచి ఒక మూలుగు వచ్చింది. అది పిల్ల గొంతులా లేదు.

నీల భర్త చెవిలో నోరు పెట్టి చెప్పింది. "గా ముసల్దేదో జేసింది. సప్పుడు గాకుంట మంత్రం సదువుతది."

"ఏడో తరగతిల బడి బంద్ జేస్తె గిట్లనే ఉంటది" అన్నాడు మహిపాల్.

"నువ్వెంత సదివినవ్?"

"ఎనిమిది."

మరునాడు ముసలామె మళ్లీ వచ్చింది. "బిడ్డను నా కాడికి పంపు. మాట వస్తది."

"నీ నీడ గూడ పడొద్దు నా బిడ్డ మీద. పో."

నీల అంతటితో ఊరుకోలేదు. ముసలామెకు గది అద్దెకిచ్చిన బాలవ్వకు చెప్పి ఖాళీ చేయించింది. ఆమె సంచి సర్దుకుని కోరుట్లలో చెల్లెలింటికి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు ఆర్డర్లు లేక సాంచాలు బందయ్యాయి. వాడంతా ఊపిరి బిగబట్టినట్టయింది.

నీల చేతిలోంచి బిందె జారి బండ మీద పడింది. బయట పడుకున్న కుక్క ఉలిక్కిపడి లేచింది. అటు తిరిగి ఆడుకుంటున్న గీత కదలలేదు.

"గీతా."

వెనకే నిలబడి చప్పట్లు కొట్టింది. పిల్ల బొమ్మకు జడ వేస్తూనే ఉంది.

నీల ఇంకా గట్టిగా కొట్టింది.

ఎప్పటికో గీత తిరిగి, తల్లి ముఖం చూసింది. తన గొంతు మీద చెయ్యి పెట్టుకుంది.

"మ్మా" అంది, అదే మూలుగుతో.

నీల బిడ్డను చంకన వేసుకుని కోరుట్ల బస్సెక్కింది.

ఆ ఇంటి ముందు షామియానా వేసి ఉంది, దాని కింద దండ వేసిన ముసలామె ఫోటో. వాకిలి నిండా మనుషులు. కళ్లల్లో నీళ్లు, గాలిలో కదిలే చేతులు. ఒక్కరి ఏడుపూ వినబడలేదు.

గీత తెలిసిన ఇంటికి వచ్చినట్టు దిగి, వాళ్ల మధ్యకు నడిచింది.

"గీళ్లంత ఎవరక్కా?" అని నీల గుమ్మంలో నిలబడ్డ ముసలామె చెల్లెలిని అడిగింది.

"మా కృపారాణక్క కాడ మాటలు నేర్సుకున్నోళ్లు. చెవిటి పిల్లల బడిల పంతులమ్మ గద" అందామె. "పుట్టినకాడికెల్లి ఒక్క మాట ఇనలే మా అక్క."